కప్పు ప్రజలది, కరెంటు ఎవరిది?

ప్రైవేటు పెట్టుబడి రానిదే సౌరవిద్యుత్తు రాదని చెవిలో ఇల్లు కట్టుకొని పోరుచున్న పెద్దలను మేము కోల్‌కతా పొలిమేరలోని న్యూ టౌన్‌కు ఒకసారి పోయి రమ్మంటున్నాము. అక్కడ 2008లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వపు పునరుత్పాదక ఇంధన సంస్థ పూనికతో ‘రవిరశ్మి ఆవాసన్’ వెలసింది. 25 ఇళ్ళు, ఒక సామాజిక భవనం. ఇంటికి 2 కిలోవాట్ల చొప్పున పలకలు. మొత్తం 58 కిలోవాట్లు. ఆ ఇళ్ళు కొన్నవారు గ్యాంగ్‌మన్లు, పోస్ట్‌మన్లు కారన్న మాట నిజమే. కాని దారి చూపినది ప్రభుత్వరంగమా, కాదా?

అక్కడి కీలకం పలకలలో కంటె మీటరులో ఉన్నది. ఎండ మండే మధ్యాహ్నం ఇంట వాడకం తక్కువ. మిగిలిన విద్యుత్తు వీధి తీగలోనికి పోతుంది. దీపాలు పెట్టే వేళ అదే తీగ నుండి విద్యుత్తు వస్తుంది. ఇచ్చినదీ పుచ్చుకొన్నదీ మీటరు లెక్క కడుతుంది.

తీగకు తిరిగి ఇచ్చుట రైల్వే సోదరులకు కొత్త పాఠం కాదు. నేటి త్రీఫేజ్ ఇంజను బ్రేకు పడినపుడు మోటారునే జనరేటరుగా మార్చి విద్యుత్తును తీగకు తిరిగి ఇస్తున్నది. హౌరా శివారు బండ్లు 1957లో 3,000 వోల్టుల డి.సి.తో మొదలై, తరువాత 25,000 వోల్టుల ఏ.సి.కి మారినవి. వోల్టేజి పెరిగితే అదే శక్తికి కరెంటు తగ్గుతుంది. కరెంటు సగమైతే తీగలో వేడిగా పోయే నష్టం నాలుగవ వంతుకు దిగుతుంది. ఈ పొదుపంతా పట్టాల వెంట ఎండకు ఎండిన కార్మికుల చేతి పని.

రాత్రి మాట ఏమిటందురా? పగటి విద్యుత్తుతో నీటిని ఎగువకు తోడి, చీకటి పడ్డాక దింపుకొనే కేంద్రాలు పురూలియాలోనూ, మన శ్రీశైలం ఎడమగట్టునా ఉన్నవి. ఒక్కొక్కటి 900 మెగావాట్లు. రెండూ ప్రభుత్వరంగానివే.

ఇపుడు జరుగుతున్నదేమి? రైల్వే భవనాల కప్పులను ప్రైవేటు డెవలపర్లకు అప్పగించి 25 సంవత్సరాల కొనుగోలు ఒప్పందాలు వ్రాసుకొనుట పరిపాటి అయినది. కప్పు ప్రజలది, ఎండ ఎవ్వరి సొత్తూ కాదు, పలక మాత్రం కంట్రాక్టరుది! మొదటి పెట్టుబడి భారం తప్పుతుందని యాజమాన్యపు వాదన. పలకల ధరలు 2008 నాటితో పోల్చితే పాతాళానికి దిగిన రోజులలో పాతికేళ్ళకు చేతులు కట్టివేసుకొనుట ఎవరి లాభానికి?

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఉన్నది. కాని ఇల్లు సొంతమై ఉండవలెను. సర్వీసంతా క్వార్టర్లలోనో అద్దె ఇంటిలోనో గడిపే ట్రాక్‌మన్‌కు, పోస్ట్‌మన్‌కు సొంత కప్పు ఎక్కడిది? రిటైరై, గ్రాట్యుటీతో ఇల్లు కట్టుకొన్న నాడు గాని అతనికి సూర్యోదయం కాకూడదా?

శాఖలే స్వంత నిధులతో రైల్వే, తపాలా కాలనీల కప్పులపై పలకలు వేయవలెను. ఆ యూనిట్లను కాపురమున్నవారి బిల్లులలో తగ్గించవలెను. ఒప్పందాల ధరలు, గడువులు సంఘాల ముందుంచవలెను. ఇదంతా రేపటి మాట అందురేమో. పాత ఫాను 75 వాట్లు తాగుచుండగా 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫాను బజారులో దొరుకుచున్నది. క్వార్టర్ల మరమ్మతులలో దానిని బిగించుటకు ఏ ప్రైవేటు పెట్టుబడి కోసం ఎదురుచూస్తున్నారు?