పాత కంప్యూటరు – కొత్త నకలు

రెవెన్యూ కచేరీ మెట్లెక్కిన ప్రతి తెలుగువానికీ ‘అసలు’, ‘నకలు’ అనే రెండు మాటలు తెలుసు. రెండూ అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చినవే. అసలు దస్తావేజు బీరువాలో పదిలంగా ఉంటుంది. నకలు నాలుగు చోట్లకు తిరిగి పని చక్కబెట్టుకొని వస్తుంది. నకలు అనగానే నకిలీ అని కొందరు పెదవి విరుస్తారు. నకలు లేనినాడు అసలు ఎన్ని చేతులు మారి ఎన్ని మడతల వద్ద చినిగిపోయి ఉండేదో వారు ఆలోచింపరు.

ఈ జంట మాటలను నేనిక్కడ పాత కంప్యూటర్ల విషయంలో వాడదలచినాను. తెలుగు పాఠం చెప్పుకొనేవానికి ఈ గొడవ ఎందుకని మిత్రులు అడుగవచ్చును. అక్షరం ఎక్కడ దాగి ఉన్నదో అక్కడికి వెళ్లడం భాషాధ్యాపకుని పనియే. తాటాకు మీది అక్షరం కొరకు పల్లెలు తిరిగిన పెద్దలను మనం గౌరవిస్తున్నాము. ఫ్లాపీ మీది అక్షరం కొరకు గది మూలకు వెళ్లడానికి సంకోచమెందుకు?

నేటి విద్యార్థులు చూచి ఉండని చరిత్ర కొంత చెప్పవలసి ఉన్నది. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకాన్ని ఆరంభించినది. పాఠశాలలలో కంప్యూటర్ పరిజ్ఞానాన్ని వ్యాపింపజేయడం దాని ఉద్దేశం. సుమారు 250 పాఠశాలలతో మొదలైన ఆ పథకానికి ఎంచుకొన్న యంత్రం ‘బీబీసీ మైక్రో’. బ్రిటిష్ ప్రసార సంస్థ ప్రజలకు కంప్యూటర్ నేర్పదలచి ఏకార్న్ అనే సంస్థ చేత 1981లో తయారు చేయించిన పెట్టె అది. మన దేశంలో మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ దానిని ‘యూనికార్న్’ అనే పేరుతో తయారు చేసినది. ఆ యంత్రపు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని నేటి యూనికోడ్ పద్ధతిలో భద్రపరిస్తే ఆ జ్ఞాపకమంతా దాదాపుగా నిండిపోతుంది! అదే కాలంలో సింక్లెయిర్ వారి ‘స్పెక్ట్రమ్’ కూడ మన దేశంలో ఇండ్లకు చేరినది. దానిని టెలివిజనుకు తగిలించి, పాటల క్యాసెట్టు మీదనే ప్రోగ్రాములు దాచుకొనేవారు.

ఈ యంత్రాలలో విచిత్రమేమనగా, మెదడు చెడదు, జ్ఞాపకం చెడుతుంది. నలువది సంవత్సరాల నాటి బీబీసీ మైక్రో మీట నొక్కగానే నేటికీ మేల్కొంటుంది. కాని దాని ఫ్లాపీలకు బూజు పడుతుంది. క్యాసెట్టు టేపు సాగిపోతుంది. డ్రైవులోని రబ్బరు బెల్టు జిగురైపోతుంది. కొత్త ఫ్లాపీ కొందామంటే తయారీయే ఆగిపోయినది. పేరుపొందిన సోనీ సంస్థ సైతం 2011 మార్చితో జపానులో మూడున్నర అంగుళాల ఫ్లాపీల విక్రయాన్ని చాలించినది. బీబీసీ మైక్రో వాడిన అయిదుంబావు అంగుళాల ఫ్లాపీ అంతకు ఎంతో ముందే బజారు విడిచినది. దేహం ఉండి నోటి మాట పోయిన వృద్ధుని స్థితి ఆ యంత్రానిది.

ఇక్కడనే నకలు ప్రవేశిస్తుంది. ఆంగ్లంలో ఎమ్యులేటర్ అంటున్న ఈ పరికరాన్ని అర్థం చేసికొనడానికి మన పగటివేషగాండ్రను తలచుకొంటే చాలును. వేషగాడు పట్వారీ వేషంలో వచ్చి, పట్వారీ భాషలో శిస్తు అడిగితే, ఊరివారు ఒక్క క్షణం నిజమైన పట్వారీయే అని భ్రమపడేవారు. ‘గోటెక్’ అనే చిన్న పెట్టె చేసేదీ అదే. ఫ్లాపీ డ్రైవు ఉన్న చోట, అదే కేబులుకు దానిని తగిలిస్తారు. కంప్యూటర్ “పదునాల్గవ ట్రాకుకు జరుగుము, మూడవ సెక్టారు చదువుము” అని ఆజ్ఞాపిస్తుంది. గోటెక్ లోపల తిరిగే పళ్లెమూ లేదు, కదిలే తలా లేదు. ఉన్నది ఒక యూఎస్‌బీ పుల్ల మాత్రమే. ఐనప్పటికీ ఫ్లాపీ ఎంత వేగంతో, ఏ క్రమంలో బదులిచ్చేదో అదే క్రమంలో బదులిస్తుంది. కంప్యూటరుకు అనుమానం రాదు. మొదట ఈ పెట్టెను చేసినది ఎంబ్రాయిడరీ యంత్రాలు, కర్మాగారపు యంత్రాలు మొదలైన వాని కొరకు. వాటికీ ఫ్లాపీలే ఆధారం. తరువాత కీర్ ఫ్రేజర్ అనే ప్రోగ్రామర్ ‘ఫ్లాష్‌ఫ్లాపీ’ అనే సాఫ్ట్‌వేరును వ్రాసి అందరికీ ఉచితంగా ఇవ్వగా, అది పాత గృహ కంప్యూటర్లన్నింటికీ ఉపయోగపడే వస్తువైనది.

బీబీసీ మైక్రోకు మరొక త్రోవ కూడ ఉన్నది. యంత్రం అడుగున ‘యూజర్ పోర్ట్’ అనే ద్వారం ఉన్నది. ఆ ద్వారానికి మన ఫోన్లలో వాడే మెమరీ కార్డును తగిలించి, లోపల ఒక చిన్న రోమ్ చిప్పును — చదువుటకు మాత్రమే వీలయ్యే చిప్పును — అమర్చితే, ఒక్క కార్డులో 511 ఫ్లాపీల నకళ్లు ఇముడుతాయి. ఒక్కొక్కటి 200 కిలోబైట్లు; మొత్తం కలిపి సుమారు 100 మెగాబైట్లు. ఆ రోజులలో ఒక పాఠశాలకు ఉండే ఫ్లాపీలన్నీ వ్రేలిగోరంత ముక్కలో మూలకు పడి ఉంటాయన్నమాట. స్పెక్ట్రమ్ వంటి క్యాసెట్టు యంత్రాలకైతే ఇంకా సులువు: టేపులోని కూతను ఫోనులో ధ్వనిగా దాచుకొని, తీగ ద్వారా యంత్రానికి వినిపిస్తే చాలును. అది టేపు కూస్తున్నదనే అనుకొంటుంది.

ఇక నెట్‌వర్కు సంగతి. ఇక్కడ నా అభిప్రాయం కొంత వేరు. అమెరికాలో అటారీ కంప్యూటర్ల అభిమానులు ‘ఫుజినెట్’ అనే పరికరాన్ని నిర్మించినారు. అది ఒకేసారి డిస్కు డ్రైవుగా, ప్రింటరుగా, మోడెముగా వేషం కడుతుంది. వైఫై ద్వారా దూరపు సర్వరులోని డిస్కును తెచ్చి, ఇదిగో నీ ఫ్లాపీ అని యంత్రానికి అందిస్తుంది. మరికొన్ని చౌక పరికరాలు పాత టెలిఫోను మోడెమును అనుకరిస్తాయి. కంప్యూటర్ ఫోను నంబరు త్రిప్పుతున్నానని భావిస్తుంది. వాస్తవానికి ఆ పిలుపు ఇంటర్నెట్టులోకి వెళ్తుంది. ఇందులో నవ్వు పుట్టించే విషయం ఒకటున్నది. ఫుజినెట్టులోని ఈఎస్‌పీ32 చిప్పు 240 మెగాహెర్ట్‌జ్ వేగం గలది. అది సేవిస్తున్న యంత్రానికి రెండు మెగాహెర్ట్‌జ్ వేగమైనా లేదు. సేవకుడు యజమానికంటె నూరు రెట్లు బలవంతుడు! నేటి రహస్య సంకేతాల లెక్కలన్నీ సేవకుడే చేసి, ఫలితం మాత్రం యజమాని చేతిలో పెడతాడు. ఇది ముచ్చటగా ఉన్నది, కాని ముచ్చట మాత్రమే. పాత యంత్రం మీద నేటి వార్తల శీర్షికలు చదివినందువలన విద్యార్థికి ఒరిగేది స్వల్పం.

‘ఎకోనెట్’ మాట అట్లు కాదు. తరగతిలోని బీబీసీ మైక్రోలన్నిటినీ ఒకే తీగకు కట్టి, ఒకే డిస్కును అందరూ పంచుకొనే ఏర్పాటు అది. ఒక్క తీగ మీద 254 యంత్రాల వరకు చిరునామాలు ఇవ్వవచ్చును. డిస్కు డ్రైవు ఖరీదు కంప్యూటరు ఖరీదుతో పోటీపడిన రోజులలో అది పేద పాఠశాలల పాలిటి వరం. నేడు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఎకోనెట్ సర్వరు వేషం కట్టి ఆ తీగను బ్రతికిస్తున్నది. రెండు యంత్రాలు ఒకే తీగ మీద ఒకేసారి మాట్లాడబోతే ఏమి జరుగుతుందో నల్లబల్ల మీద గంటసేపు చెప్పినదానికంటె అక్కడ ఒక్క నిమిషం చూచినది మేలు.

“ఇంత శ్రమ ఎందుకు? బీబీసీ మైక్రోను మొత్తంగా అనుకరించే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతున్నది; ఫోనులోనే ఆడించవచ్చును గదా?” అని తెలివైన విద్యార్థి అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. అసలు యంత్రం లేనివాడు ఆ త్రోవనే పోవలె. కాని అక్కడ నకలు అసలును పూర్తిగా తొలగించి తానే కూర్చుంటుంది. గోటెక్, మెమరీ కార్డు చేసే నకలు వేరు: అసలు పనిచేయుట కొరకు, విరిగిపోయిన ఒక్క అవయవానికి బదులుగా మాత్రమే అది నిలుస్తుంది. ఆ యంత్రంలో విద్యార్థి మూత విప్పి, ఇది మెదడు, ఇది జ్ఞాపకం, ఇది తెరకు బొమ్మ పంపేది అని వ్రేలితో చూపగలడు. నేటి ఫోనులో ఏ విద్యార్థి వ్రేలు పెట్టగలడు? విప్పితే వారంటీ పోతుంది, కొన్నిట విప్పడమే సాధ్యం కాదు.

నా శాఖకు సంబంధించిన లాభం చెప్పక మానలేను. బీబీసీ మైక్రోలో ‘వీడీయూ 23’ అనే ఆజ్ఞతో మన అక్షరాన్ని మనమే చెక్కుకొనవచ్చును. ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది చుక్కలు. ఎనిమిది సంఖ్యలు ఇస్తే ఒక అక్షరం. మామూలుగా ఇట్లు చెక్కుకొనదగిన స్థానాలు 32 మాత్రమే. అంతకు మించితే ప్రోగ్రాముకు ఉన్న చోటునే త్రవ్వుకొనవలె. ఇక చూడండి తెలుగు అవస్థ! మన వర్ణమాల 56 అక్షరాలు, వాటికి గుణింతాలు, క్రింద వత్తులు. తలకట్టును వేరుగా, కొమ్మును వేరుగా, వత్తును క్రింది గడిలో వేరుగా పెట్టి, ఏ ముక్కలు ఉమ్మడిగా వాడుకొనవచ్చునో ఆలోచించి 32 లో ఇమిడ్చే ప్రయత్నం చేసిన విద్యార్థికి, వ్యాకరణ పుస్తకం చెప్పని లిపి రహస్యాలు బోధపడతాయి. ఉర్దూ విద్యార్థి మిత్రుని కష్టం మరొక తీరు. అతని అక్షరం మొదట ఒక రూపం, నడుమ ఒక రూపం, చివర ఒక రూపం. తెర మీది గుర్తు ఎడమనుండి కుడికి పోతూ ఉంటే అతడు దానిని కుడినుండి ఎడమకు లాగవలె. నస్తాలీఖు వాలు అరువది నాలుగు చుక్కలకు లొంగదు. నస్ఖుతో సరిపెట్టుకొనవలసి వస్తుంది. ఈ ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చుండి ఒక చిన్న ఉర్దూ–తెలుగు పదకోశాన్ని కట్టి, మెమరీ కార్డులో దాచితే, రెండు భాషలున్న మన కళాశాలకు అంతకంటె తగిన అభ్యాసం నాకు తోచడం లేదు. క్యాసెట్టు మీదనైతే ప్రతి పొరపాటుకూ నిమిషాల తరబడి ఆగవలసి వచ్చి ఈ పని మధ్యలోనే ఆగిపోయేది. కొత్త నకలు వలననే ఇది సాధ్యం.

ఒక కాకతాళీయం కూడ చెబుతాను. ఆ యంత్రంలో మనం చెక్కిన అక్షరాలు నిలిచే చోటు చిరునామా షోడశాంశ లెక్కలో 0సీ00. నేటి యూనికోడ్‌లో తెలుగు లిపి మొదలయ్యే సంఖ్యయూ 0సీ00 యే. దీనికి అర్థమేమీ లేదు. ఐనా నాకు సంతోషం కలిగినది.

ఇప్పుడు కళాశాల పాలకవర్గం వారికి కొన్ని మాటలు. విదేశాలనుండి పాత కంప్యూటర్లు తెప్పించండని నేను కోరడం లేదు. అక్కడ అవి పురావస్తువుల ధరకు పోతున్నవి. విద్యార్థుల ఫీజు సొమ్ము అందుకు వెచ్చించడం తగదు. నేను కోరేది ఉన్నదానిని చూడకుండ పారవేయవద్దని. డెడ్‌స్టాక్ రిజిస్టరులో ‘కంప్యూటర్ – పాతది – 1’ అని ఒక్క పంక్తిలో వ్రాసి, కండెమ్ చేసి, తూకానికి ఇచ్చివేయడం అన్ని సంస్థలలో జరుగుతున్నది. తూకంలో ఇనుమూ, ప్లాస్టిక్కూ మాత్రమే లెక్కకు వస్తాయి. ఇ-వ్యర్థాల నియమాలు 2022లో కొత్తగా వచ్చినందున పాత సామాను నమోదైన రీసైక్లింగు సంస్థలకు చేరడం మంచిదే; కాని పంపేముందు ఒక అధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థులు దానిని తెరచి చూచి, పెట్టె లోపల ఏమున్నది, ప్రక్కన ఫ్లాపీలేమున్నవి అని ఒక కాగితం మీద వ్రాయాలని నియమం పెట్టండి.

కళాశాల గోడల వెలుపల కూడ వెదకవలసిన చోట్లు ఉన్నవి. తాండూరు బండల వ్యాపారంలో, కందిపప్పు మిల్లులలో 1990ల నాటి లెక్కల ఫ్లాపీలు అటకల మీద ఉండవచ్చును. వికారాబాదులో డీటీపీ కేంద్రాలు నడిపినవారి వద్ద పెండ్లి పత్రికలు, సభల కరపత్రాలు, ఉర్దూ ఇన్‌పేజీలోనూ తెలుగు అను ఫాంట్లలోనూ కూర్చినవి ఉండవచ్చును. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనమందరం గర్వించినాము. ఆ కంది వ్యాపారం పాతికేండ్ల క్రిందట ఎట్లు సాగినదో చెప్పే లెక్కలు బూజు పట్టి పోతుంటే ఎవరికీ పట్టదు. ఫ్లాపీలోని అయస్కాంతపు గుర్తులను ఉన్నవి ఉన్నట్లుగా చదివి నకలు తీసే ‘గ్రీస్‌వీజిల్’ అనే పలక, ఒక పాత డ్రైవు, ఒక సాధారణ కంప్యూటర్ ఉంటే ఈ పని మన విద్యార్థులే చేయగలరు.

చట్టాన్ని గూర్చి శంకించేవారికి ఒక మాట. మన 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను ‘సాహిత్య రచన’ల కోవలో చేర్చినది, మా శాఖకు దక్కిన అనుకోని గౌరవమిది. చట్టబద్ధంగా తన వద్దనున్న ప్రోగ్రాము నశించకుండ ప్రతి తీసికొనుటకు అదే చట్టపు 52వ సెక్షను అనుమతించినది. పరాయి వారి ఆటలను గంపగుత్తగా దించుకొనడానికి మాత్రం అది అనుమతి కాదు.

చివరగా, ఉత్సాహవంతులైన విద్యార్థులకు హెచ్చరిక. అటక మీది యంత్రం దొరికినదే తడవుగా ప్లగ్గు పెట్టవద్దు. బీబీసీ మైక్రో విద్యుత్ విభాగంలోని ‘రిఫా’ కెపాసిటర్లు వయసు మీరి, చిట్లి, కరెంటు తగలగానే ఘాటైన పొగ విడుస్తాయి. కోఠీలోని గుజరాతీ గల్లీలో కొద్ది రూపాయలకు కొత్తవి దొరుకుతాయి. టంకం పెట్టడం తెలిసిన పెద్దవారిని ప్రక్కన ఉంచుకొని ముందు వాటిని మార్చండి. ఫ్లాపీలకు బూజు ఉన్నదేమో చూచి తుడిచి, మొదటిసారి చదివినప్పుడే నకలు తీయండి. రెండవసారి అది చదువుకు లొంగకపోవచ్చును.