పదహారేళ్ల గల్ఫ్ కష్టం.. షోరూంలో ‘మైనస్ వన్’

‘‘భాయ్, మీకు సిబిల్ రాలేదు. మైనస్ వన్ చూపిస్తోంది.’’

నిజామాబాద్‌లోని ఒక కార్ల షోరూంలో ఫైనాన్స్ టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు ఈ మాట అనగానే మా ఖాలా కొడుకు ముఖం వాడిపోయింది. మైనస్ అంటే ఎవరికో బాకీ పడ్డట్టు అనుకున్నాడు. నా వైపు తిరిగి, ‘‘నేను ఎవరికీ రూపాయి ఎగ్గొట్టలేదు కదరా’’ అన్నాడు.

ఆయన బోధన్ శక్కర్‌నగర్‌లో పుట్టి పెరిగాడు. దమ్మాంలో 16 ఏళ్లు ట్రెయిలర్ నడిపి, ఇక చాలనుకొని ఇంటికి వచ్చేశాడు. చిన్న కారు కొని, పసుపు నంబర్ ప్లేట్ వేయించి, బోధన్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు కిరాయిలు కొట్టాలన్నది ఆలోచన. ఒకప్పుడు తాను ఏడ్చుకుంటూ వెళ్లిన దారిలోనే ఇప్పుడు వేరేవాళ్లను దింపి రావడం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, పైనున్న సెస్ కూడా పోయింది. ఇంతకన్నా మంచి టైం రాదనుకున్నాడు.

కారు రోడ్డు మీదికి రావడానికి అన్నీ కలిపి 8 లక్షలు. చేతిలో 2 లక్షలు ఉన్నాయి. మిగతా 6 లక్షలకు రుణం కావాలి. మూడేళ్ల ఐటీ రిటర్నులు అడిగారు, లేవు. అక్కడి జీతం స్లిప్పులు చూపిస్తే, ‘‘ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు కదా’’ అన్నారు. నెల తప్పకుండా డబ్బు పడిన ఎన్‌ఆర్‌ఈ ఖాతా స్టేట్‌మెంట్ తీస్తే, ‘‘ఇది మా సిస్టమ్‌లో ఎక్కదు’’ అన్నారు.

గంట తర్వాత అదే కుర్రాడు నవ్వుతూ వచ్చాడు. ‘‘ఒక ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకుంది భాయ్. తొమ్మిది శాతమే. నెలకు 14,500. ఇన్సూరెన్స్ మాత్రం మా దగ్గరే తీసుకోవాలె. ఇవ్వాళ సంతకం పెడితేనే ఈ ఆఫర్.’’

మేం సంతకం పెట్టకుండానే లేచి వచ్చాం. మన జిల్లాలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఇదే టేబుల్ ముందు కూర్చుంటున్నారు. అందుకే ఆ ‘మైనస్ వన్’ సంగతేమిటో విడమరిచి చెప్పుకోవాలి.

చెడ్డ పేరు కాదు, అసలు పేరే లేదు

సిబిల్ 2000లో ఏర్పడింది. మనం బ్యాంకు రుణాలు, క్రెడిట్ కార్డు బాకీలు ఎలా కట్టామో చూసి 300 నుంచి 900 మధ్య స్కోరు ఇస్తుంది. ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే ఇంకో మూడు సంస్థలు కూడా ఇదే పని చేస్తాయి. మైనస్ వన్ అంటే రుణం ఎగ్గొట్టారని కాదు. మీరు అప్పు తీసుకున్నట్టు, తీర్చినట్టు రికార్డే లేదని అర్థం.

16 ఏళ్లు ఇంటికి డబ్బు పంపడం ఈ లెక్కలోకి రాదు. పొదుపు ఖాతాలో ఎంత ఉన్నా రాదు. సౌదీలో సిమా, యూఏఈలో అల్ ఎతిహాద్ క్రెడిట్ బ్యూరో వంటి సంస్థలు అక్కడి రుణ చరిత్ర రాస్తాయి. అక్కడ కారు వాయిదాలు ఎంత శుభ్రంగా కట్టినా ఆ పేరు శంషాబాద్‌లో విమానం దిగదు. అమెరికాకు వెళ్లిన మన పిల్లలు మొదటి కారు కొనేటప్పుడు పడే తిప్పలు కూడా ఇవే. మనవాడికి మాత్రం సొంత ఊళ్లోనే పరాయివాడి లెక్క అయింది.

మన దగ్గర అప్పులు లేవా? ఉన్నాయి. వీసాకు మామూజాన్ ఇచ్చిన డబ్బు, అమ్మీ బంగారం కుదువపెట్టి సేటు దగ్గర తెచ్చింది, చీటీ పాడింది, ఖర్జ్-ఎ-హసన కింద చుట్టాలు ఇచ్చింది. అన్నీ మాట ప్రకారం తీర్చినవే. కానీ ఇవేవీ కాగితం మీద లేవు. వడ్డీకి దూరంగా ఉండాలని బ్యాంకు రుణమే ముట్టని కుటుంబాలకూ అదే మైనస్ వన్ వస్తుంది.

ఫ్యాక్టరీ స్లిప్పు పోయింది

బోధన్ పెద్దలకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. నిజాంసాగర్ నీళ్లతో చెరకు పెరిగి, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక శక్కర్‌నగర్ జీతం స్లిప్పు అంటే బజారులో ఒక పరపతి. మా ఖాలూజాన్ అక్కడే పనిచేశారు. కిరాణా కొట్టులో ఖాతా పెట్టాలన్నా, సైకిల్ వాయిదాల మీద తేవాలన్నా ఆ పేరు చాలేది. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. గల్ఫ్ వలస అంతకు ఎంతో ముందునుంచే ఉంది. కానీ తిరిగి వచ్చినవాడికి ఊళ్లో స్లిప్పు ఉన్న ఉద్యోగం దొరికే చోటు మాత్రం ఒకటి తగ్గిపోయింది. ఇప్పుడు పరపతిని కంప్యూటర్ చెబుతోంది. ఆ కంప్యూటర్‌కు మన గురించి ఏమీ తెలియదు.

మన బస్తీల విషయంలో ఇంకో మాట కూడా ఉంది. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను ‘నెగెటివ్’ ప్రాంతాలుగా గుర్తుపెట్టుకున్నాయని 2006లోనే సచార్ కమిటీ నివేదిక రాసింది. మావాడి విషయంలో అడ్రస్ ఏమైనా అడ్డం వచ్చిందా అంటే చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. అందుకే కారణం కాగితం మీద అడగడం ముఖ్యం. ఆ హక్కు గురించి కింద చెబుతాను.

తొమ్మిది శాతం వెనుక 15.7 శాతం

ఇప్పుడు షోరూం చెప్పిన ‘తొమ్మిది శాతమే’ సంగతి చూద్దాం. అది ఫ్లాట్ రేటు. 6 లక్షలపై ఏడాదికి 54 వేల చొప్పున అయిదేళ్లకు వడ్డీ 2.70 లక్షలు. మొత్తం 8.70 లక్షలను 60 నెలలకు పంచితే 14,500. అసలు నెల నెలా తగ్గుతున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 6 లక్షల మీదే వేస్తారు. తగ్గే అసలు మీద లెక్క కడితే ఇది దాదాపు 15.7 శాతం.

అదే 6 లక్షలు తగ్గే అసలు మీద 10 శాతానికి తీసుకుంటే నెలకు సుమారు 12,750. అయిదేళ్లకు వడ్డీ దాదాపు 1.65 లక్షలు. తేడా లక్షా అయిదు వేలు. వినడానికి 9 తక్కువ, 10 ఎక్కువ. కట్టేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. పైగా ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్, సీటు కవర్లు కూడా అందులోనే కలుపుతారు.

షోరూం కుర్రాడిని తిట్టి లాభం లేదు. అతనికీ టార్గెట్ ఉంటుంది. రుణం ఇప్పించినందుకు ఫైనాన్స్ కంపెనీల నుంచి డీలర్లకు కమీషన్ ముట్టడం ఈ వ్యాపారంలో మామూలే. కాబట్టి ముందు మనకు కనిపించే రుణం మనకు చౌకైనదే కావాలని లేదు.

రూల్ ఏమంటోంది?

మొదటిసారి అప్పు అడిగేవారి దరఖాస్తును కేవలం రుణ చరిత్ర లేదని తిరస్కరించొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6 నాటి ఆదేశాల్లో చెప్పింది. రుణానికి ఇంత స్కోరు ఉండాల్సిందేనని రిజర్వు బ్యాంకు ఏ అంకె పెట్టలేదని కేంద్ర ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌదరి అదే ఏడాది లోక్‌సభలో స్పష్టం చేశారు. అంటే అడిగిన ప్రతి ఒక్కరికీ ఇవ్వాలని కాదు. ఆదాయం, కట్టగల శక్తి బ్యాంకు చూసుకుంటుంది. కానీ ‘మైనస్ వన్, ఇక వెళ్లండి’ అనడం సరైన జవాబు కాదు.

బ్యాంకు రుణం కాదంటే, ప్రధాన కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఈ నిబంధన 2007 నుంచి అన్ని రకాల రుణాలకూ వర్తిస్తోంది. ‘సిస్టమ్ తీసుకోవడం లేదు’ అన్న నోటి మాటతో లేచి రావొద్దు.

2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి రిటైల్ రుణానికీ సంతకానికి ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఫీజులన్నీ కలిపిన అసలు వార్షిక రేటు, అంటే ఏపీఆర్, అందులో కనిపించాలి. అందులో లేని చార్జీని మన ఒప్పుకోలు లేకుండా తర్వాత వేయకూడదు. మామూలు వాయిదా రుణాలకు ఆ కాగితంలోని షరతులపై ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల గడువు ఉండాలి. ఇక ‘ఇవ్వాళే సంతకం’ అన్నదానికి అర్థమేముంది?

వడ్డీ లేని దారి ఉందా అని మన ఇళ్లలో అడుగుతారు. గల్ఫ్‌లో మురాబహా, ఇజారా పద్ధతిలో కార్లు ఇచ్చే బ్యాంకులు మనవాళ్లు చూసినవే. ఇక్కడ 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ రహిత బ్యాంకింగ్‌ను సిఫార్సు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లేది లేదని తేల్చింది. కాబట్టి ఎక్కువ మొత్తం కూడబెట్టి తక్కువ రుణం తీసుకోవడమా, పాత కారు నగదుతో కొనడమా, ఆగడమా అన్నది ఎవరి విశ్వాసం మేరకు వారి నిర్ణయం.

షోరూంకు వెళ్లే ముందు

నాలుగు బ్యూరోలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ముందు అది తీసుకోండి. ఎప్పుడో కట్టేసిన బైక్ లోన్ ఇంకా తెరిచి ఉన్నట్టు కనిపిస్తే సరిచేయించుకోండి.

మొదట మీ ఖాతా ఉన్న బ్యాంకులో అడగండి. ఇన్నేళ్లు మీ డబ్బు చూసింది వాళ్లే. షోరూంలో మీ కాగితాలు ఒకేసారి నాలుగైదు కంపెనీలకు పంపనివ్వొద్దు. ప్రతి విచారణా రిపోర్టులో నమోదవుతుంది.

నెలసరి వాయిదా ఒక్కటే అడిగి సరిపెట్టుకోవద్దు. ఏపీఆర్ ఎంత, మొత్తం ఎంత కడతాం, ముందే తీర్చేస్తే చార్జీ ఎంత అని అడగండి. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న బలవంతం చెల్లదు. బయట ధర కనుక్కోండి.

ఫిర్యాదు ముందు రుణసంస్థకే రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయొచ్చు.

ఇంకా గల్ఫ్‌లోనే ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. తిరిగి రావాలనుకుంటే రెండేళ్ల ముందే సిద్ధం కండి. కొన్ని బ్యాంకులు ఎన్‌ఆర్‌ఐలకు కూడా ఇక్కడి కుటుంబ సభ్యుడిని కలిపి కారు రుణం ఇస్తాయి. జీతం నడుస్తుండగా అడగడం వేరు, ఉద్యోగం వదిలేసి అడగడం వేరు. రుణం తీసుకోవడానికి అభ్యంతరం లేనివాళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద చిన్న క్రెడిట్ కార్డు తీసుకొని, గడువులోగా బిల్లు మొత్తం కడుతూ పోతే రికార్డు మొదలవుతుంది, వడ్డీ పడదు.

మా ఖాలా కొడుకు ఫైలు ఇప్పుడు ఆయన ఎన్‌ఆర్‌ఈ ఖాతా ఉన్న బ్యాంకులో ఉంది. మేనేజర్ గారు కాగితాలు పూర్తిగా చూశారు, కాదనలేదు, ఔననీ అనలేదు. ఈలోగా ఆయన వేరేవాళ్ల కారు రోజుకూలీకి నడుపుతున్నాడు. మొన్న రాత్రి శంషాబాద్‌లో ఓ పిల్లవాడిని దింపాడట. మొదటిసారి రియాద్ వెళ్తున్నాడు. ఆ పిల్లవాడికి ఏం చెప్పావని అడిగితే, ‘‘ఇంటికి డబ్బు పంపు, మంచిదే. నీ పేరు కూడా ఇక్కడ ఎక్కడో ఓ చోట రాయించి పెట్టుకో అన్నా’’ అన్నాడు.