పదోన్నతి మెట్లు, పట్టాల మీది చీపురు

రైల్వే మంత్రి అనగానే మన పిల్లలకు చెప్పే కథ లాల్ బహదూర్ శాస్త్రిది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలింది. నవంబరులో అరియలూరు దగ్గర వరదకు రైలు కొట్టుకుపోయింది. రెండు ప్రమాదాల్లోనూ కలిపి రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మొదటిసారి ఇచ్చిన రాజీనామాను నెహ్రూ ఆమోదించలేదు, రెండోసారి ఆమోదించారు. నైతిక బాధ్యత అనే మాటకు ఆ రాజీనామా నేటికీ కొలమానం. అది సబబే. కానీ శాస్త్రి ఖాళీ చేసిన ఆ కుర్చీలో కూర్చున్న మంత్రి ఐదేళ్ళకు పైగా ఏం చేశారో ఎందరికి తెలుసు?

1956 డిసెంబరు 7న, అంబేద్కర్ కన్నుమూసిన మరునాడు, బాబూ జగ్జీవన్‌రామ్ రైల్వే శాఖ చేపట్టారు. 1962 ఏప్రిల్ దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. ఏటా ఏప్రిల్ 5న తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఆయన జయంతి జరుగుతుంది. విగ్రహాలకు పూలదండలు పడతాయి. తోలుపనితో బతికిన కులంలో పుట్టినవాడన్న బంధంతో మాదిగలు ఆయనను ప్రత్యేకంగా తమవాడిని చేసుకున్నారు. ఆ వేదికల మీద రెండు మాటలే వినిపిస్తాయి. ఒకరికి ఆయన మహనీయుడు, ఉప ప్రధాని, 1971 యుద్ధకాలపు రక్షణ మంత్రి. మరొకరికి ఆయన కాంగ్రెసు చాటున ఒదిగిన ‘హరిజన’ నేత, అంబేద్కర్‌కు ఎదురు నిలబెట్టిన మనిషి. ఈ రెండు మాటల్లోనూ ఆయన పని లేదు, పదవి మాత్రమే ఉంది. మంత్రిని తూచవలసింది ఆయన శాఖలో ఏం మారింది, ఏం మారలేదు అన్న లెక్కతోనే అని నా అభిప్రాయం.

మారినదానితో మొదలుపెడదాం. ఆనాటికి షెడ్యూల్డు కులాల మనిషికి రైల్వేలో కొలువు దొరికేది. అయితే దొరికిన చోటే కొలువు ముగిసేది. గ్యాంగ్‌మన్‌గా చేరినవాడు గ్యాంగ్‌మన్‌గానే, గుమాస్తాగా చేరినవాడు గుమాస్తాగానే విరమణ పొందేవాడు. పై పోస్టులకు ‘ఎంపిక’ ఉండేది. ఎంపిక చేసే చేతులు ఎవరివో వేరే చెప్పనక్కరలేదు. 1959లో రైల్వే బోర్డు జారీ చేసిన రెండు సర్క్యులర్లు ఈ కట్టును కదిలించాయి. మూడో తరగతి ఉద్యోగాల్లోని ఎంపిక పోస్టులకు, అంటే పదోన్నతితో దక్కే పోస్టులకు, షెడ్యూల్డు కులాలకూ తెగలకూ రిజర్వేషన్ ఉండాలని అవి ఆదేశించాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు: సర్క్యులర్ బోర్డుది, మంత్రికి ఎందుకు కీర్తి? నిజమే, అది ఆయన ఒక్కడి చేతిరాత అని నేను అనను. కానీ మంత్రి మనసు తెలియకుండా బోర్డు అంత దూరం నడవదు. శాఖలో ప్రమాదం జరిగితే బాధ్యత మంత్రిదని ఒప్పుకునే మనం, శాఖలో న్యాయం జరిగినప్పుడు ఆ ఖ్యాతిని గుమాస్తాల ఖాతాలో వేస్తామా?

ఆ సర్క్యులర్లను దక్షిణ రైల్వేలో రంగాచారి అనే కోర్టు ఇన్‌స్పెక్టర్ సవాలు చేశారు. అప్పటికి దక్షిణ మధ్య రైల్వే పుట్టలేదు. అది 1966 అక్టోబరు 2న ఏర్పడింది. కనుక విజయవాడ, గుంతకల్లు కార్మికుల భవితవ్యం కూడా ఆ వ్యాజ్యంలోనే ఉంది. రిజర్వేషన్ అంటే తొలి నియామకానికే గాని పదోన్నతికి కాదన్న వాదాన్ని మద్రాసు హైకోర్టు అంగీకరించింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1961 ఏప్రిల్‌లో ఐదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ప్రభుత్వం పక్షాన, ఇద్దరు వ్యతిరేకంగా నిలిచారు. మెజారిటీ తీర్పు రాసిన గజేంద్రగడ్కర్ చెప్పిన సారం ఇది: ప్రాతినిధ్యం అంటే తలలు లెక్కపెట్టడం కాదు, ఆ తలలు ఏ స్థాయిలో ఉన్నాయన్నది కూడా చూడాలి. కింది మెట్టు మీద ఎందరిని నిలబెట్టినా పై మెట్టు ఖాళీగా ఉంటే అది ప్రాతినిధ్యం కాదు. ఒక్క ఓటు తేడాతో గెలిచిన ఈ సూత్రమే తరువాత ముప్పై ఏళ్ళు దళిత ఉద్యోగుల పదోన్నతులకు అండగా నిలిచింది.

1992లో మండల్ కేసు తీర్పు ఆ అండను తొలగించింది. పదోన్నతుల్లో రిజర్వేషన్ చెల్లదని, ఉన్నదాన్ని ఐదేళ్ళు మాత్రమే కొనసాగనిస్తామని చెప్పింది. 1995లో పార్లమెంటు 77వ రాజ్యాంగ సవరణతో 16(4ఎ) అధికరణం చేర్చి దాన్ని నిలబెట్టవలసి వచ్చింది. 2006లో నాగరాజ్ తీర్పు మళ్ళీ షరతులు పెట్టింది: ప్రాతినిధ్యం చాలడం లేదని గణాంకాలతో నిరూపించాలి, పాలనా సామర్థ్యం దెబ్బతినదని చూపించాలి. 1959లో తెరిచిన తలుపు ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోలేదు, పూర్తిగా మూసుకోనూ లేదు.

‘సామర్థ్యం’ అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. రిజర్వేషన్లో పైకొచ్చినవాడు రైలు నడిపితే పట్టాలు తప్పుతుందన్న ఎగతాళి ఈ దేశంలో ఎన్ని నోళ్ళలో నానిందో మనకు తెలుసు. అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ అనే ఆర్థికవేత్తలు ఆ మాటను నేరుగా భారతీయ రైల్వేలోనే పరీక్షించారు. 1980 నుంచి 2002 వరకు రైల్వే జోన్ల గణాంకాలు పరిశీలించి, షెడ్యూల్డు కులాల, తెగల ఉద్యోగుల వాటా పెరగడంవల్ల ఉత్పాదకత తగ్గిందనడానికి ఆధారం లేదని తేల్చారు. పై స్థాయి ఉద్యోగాల్లో వారి వాటా పెరిగినచోట మేలు జరిగిన సూచనలు కూడా కనిపించాయని చెప్పారు. ఎగతాళి చేసినవారు ఇలాంటి లెక్క ఒక్కటైనా చూపారా?

ఇక మారనిది. ఇక్కడ జగ్జీవన్‌రామ్ అభిమానులకు నా మాటలు చేదుగా ఉండవచ్చు.

1960 జులైలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చేశారు. రెండో వేతన సంఘం కనీస వేతనాన్ని 80 రూపాయల దగ్గర ఆపింది. బతకడానికి సరిపడా వేతనం, ధరలతో పాటు పెరిగే కరువు భత్యం వారి కోరికలు. రైల్వే కార్మికులు ఆ సమ్మెకు వెన్నెముక. ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వేలమందిని అరెస్టు చేసి, సంఘాల గుర్తింపు రద్దు చేసి ఐదు రోజుల్లో అణచివేసింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం కాలంలో కార్మిక మంత్రిగా ఉన్న వ్యక్తే ఆనాటి రైల్వే మంత్రి. పదోన్నతి మెట్టు వేసిన ప్రభుత్వమే, కింది మెట్టు మీద కడుపు నింపమన్నవాణ్ణి జైలుకు పంపింది. ఆ నిర్ణయం మంత్రివర్గానిది. ఆయన ఆ మంత్రివర్గంలో కొనసాగారు.

అంతకన్నా పెద్ద లోటు పట్టాల మీద ఉంది. రైలు మరుగుదొడ్డి కింద గొట్టం నేరుగా పట్టాల మీదికి తెరుచుకునేది. స్టేషన్లలో ఆ మలాన్ని చీపురుతో, నీటితో ఎత్తిపోసింది ఎవరు? ఏ జోన్‌లో చూసినా ఆ చీపురు దళితుడి చేతిలోనే, దళిత స్త్రీ చేతిలోనే ఉండేది. 1957లో కేంద్రం పాకీ పనివారి స్థితిగతులపై మల్కానీ కమిటీని వేసింది, 1960లో నివేదిక వచ్చింది. అంటే సమస్య తెలియక కాదు. ఆరా పాఠశాలలో తన కులం కోసం వేరుగా పెట్టిన నీళ్ళకుండను పగలగొట్టిన బాలుడిగా జగ్జీవన్‌రామ్‌ను మనం కీర్తిస్తాం. ఆ కుండ కన్నా హీనమైన చీపురు తన శాఖలోనే ఉన్నా ఆ ఐదేళ్ళలో అది విరగలేదు. ఆ తరువాతి మంత్రులెవ్వరూ విరవలేదన్నది కూడా అంతే నిజం. బెజవాడ విల్సన్ ముందుండి నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో 2014 మార్చిలో సుప్రీంకోర్టు, పట్టాల మీది ఈ పనికి గడువు పెట్టి ముగింపు పలకాలని రైల్వేకు చెప్పవలసి వచ్చింది. పెట్టెలకు బయో టాయిలెట్లు అమర్చడం ఈ పదిహేనేళ్ళ ముచ్చటే.

ప్రభుత్వ గణాంకాల్లో ఒక చిన్న మాట ఈ రెండు ముఖాలనూ ఒక్కచోట చూపుతుంది. దళిత ఉద్యోగుల వాటా చెప్పే పట్టికల్లో నాలుగో తరగతి పక్కన ‘స్వీపర్లు మినహా’ అని ఉండేది. స్వీపర్లను కలిపితే వాటా ఉబ్బిపోతుంది, అది ప్రాతినిధ్యం కాదు, కులవృత్తి అని ప్రభుత్వానికే తెలుసు. పదోన్నతి సర్క్యులర్ ఆ పట్టికలోని వారికి మెట్టు వేసింది. మినహాయించినవారు మినహాయింపుగానే మిగిలారు.

ఇప్పుడు ఆ మినహాయింపు మరింత విస్తరించింది. స్టేషన్ల, రైళ్ళ శుభ్రత కాంట్రాక్టర్ల చేతికి వెళ్ళింది. కాంట్రాక్టు కూలికి రోస్టర్ లేదు, సీనియారిటీ లేదు, ఎంపిక పోస్టు అసలే లేదు. మెట్లు ఉండవలసినచోట ఇప్పుడు నేల మాత్రమే ఉంది.

కనుక వచ్చే ఏప్రిల్ 5న దండలు వేసే ప్రజాప్రతినిధులను నేను కోరేది రెండే. రైల్వేలో ఏ స్థాయిలో ఎందరు దళితులు, ఆదివాసులు ఉన్నారో జోన్లవారీగా బయటపెట్టమని పార్లమెంటులో అడగండి. శుభ్రత కాంట్రాక్టుల్లో పనిచేసేవారు ఏ కులాలవారో, వారి వేతనమెంతో కూడా అడగండి. మొదటి ప్రశ్న జగ్జీవన్‌రామ్ చేసిన పనిని కాపాడుతుంది. రెండోది ఆయన చేయక వదిలేసిన పనిని మొదలుపెడుతుంది. ఈ రెండూ అడగని దండ ఆయన విగ్రహానికి బరువే తప్ప గౌరవం కాదు.