దినచర్యను వ్రాయకండి, పలకండి!

దినచర్య అనగానే మనవారికి కలము, కాగితము గుర్తుకు వస్తాయి. "నేను రోజూ రాత్రి చేతిఫోనులో నాలుగు మాటలు చెప్పి దాచుకొంటాను" అని ఎవరైనా అంటే, పెద్దలు పెదవి విరుస్తారు. అది బద్ధకస్తుల పనియట! వ్రాస్తేనే ఆలోచన పదునెక్కుతుందట! మూడు దశాబ్దాలు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, వ్రాతపై నాకు గౌరవము తక్కువ కాదు. అయినా ఈ విషయంలో పెద్దలతో నాకు పేచీ ఉన్నది.

కలము పట్టగానే మనలో ఒక పండితుడు మేల్కొంటాడు. తరగతిలో దినచర్య వ్రాయమంటే పిల్లలందరూ "సూర్యోదయమునకు ముందే నిద్రలేచి, తల్లిదండ్రులకు నమస్కరించి" అనే మొదలుపెట్టేవారు. అదే పిల్లవాణ్ణి లేపి "నిన్న ఏం చేశావురా?" అని అడిగితే చెరువుగట్టు మీది తూనీగలు, మేనమామ తెచ్చిన జీళ్ళు, అన్నతో తగవు వరుసగా బయటికి వచ్చేవి. ఈ రెండింటిలో ఏది దినచర్య? వ్యాసానికి పదును కావాలి, కాదనను. దినచర్యకు కావలసినది నిజము.

ఇక లిపి సంగతి. దంత్య చ, జలకు ౘ, ౙ అనే అక్షరాలున్నవి. 2008లో యూనికోడులోనూ చేరినవి. వాడేవారెందరు? "వచ్చాడు" అన్నప్పుడు చాలామంది నోట వినిపించే వివృత ఏకారానికైతే మన వర్ణమాలలో గుర్తే లేదు. "ఆఁ" అనే ఒక్క ధ్వనిలో అంగీకారము, అనుమానము, ఈసడింపు అన్నీ పలుకుతాయి. కాగితము మీద మూడూ ఒకటే. మన యాస, మన నిట్టూర్పు, మాట మధ్య మన తడబాటు, ఇవన్నీ వ్రాతలో జారిపోతాయి.

అన్నిటికంటె పెద్ద సంగతి మరొకటి ఉన్నది. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దుబాసీ ఆనందరంగ పిళ్ళై 1736 నుండి 1761 వరకు తమిళంలో దినచర్య వ్రాశాడు. అందువల్ల ఆయన కాలము మనకు దక్కింది. ఆ కాలంలోనే వడ్లు దంచిన స్త్రీ ఏమనుకొన్నదో మనకు దక్కలేదు. వ్రాత వచ్చినవాడికే జ్ఞాపకముంటుందన్నది ఎంత అన్యాయమైన నియమము! తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు నోటితో చెప్పుకొన్న అనుభవాలను స్త్రీ శక్తి సంఘటన సేకరించి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా ప్రకటించింది. ఆ తల్లులందరూ కలము పట్టేదాకా ఆగి ఉంటే ఆ పుస్తకమే లేదు.

"నోటిమాట పామరుల సొత్తు" అనేవారికి ఒక్క ప్రశ్న. వేదానికి శ్రుతి అని పేరెందుకు వచ్చింది? జట, మాల, శిఖ మొదలుకొని ఘన దాకా ఎనిమిది వికృతులు కల్పించి, అక్షరము పొల్లుపోకుండా నోటితోనే కాపాడినవారు పామరులా?

చిక్కులు లేవని అనను. పుట తిరగేసినట్లు ధ్వనిని తిరగేయలేము. అందుకని ముందుగా తేదీ, ఊరు చెప్పి మొదలుపెట్టాలి. ఫైలుకు తేదీనే పేరుగా పెట్టాలి. ఒక చిన్న పుస్తకంలో రోజుకొక పంక్తి సూచిక వ్రాసుకోవాలి. ఆ మాత్రం వ్రాతకు నాకు అభ్యంతరము లేదు. ఫోను పోతే మాటా పోతుంది కనుక మరొక చోట ప్రతి ఉంచుకోవాలి. గది పలుచనైతే పక్కవారికి వినబడుతుంది. డాబా మీదికి పోండి. చోటు చాలదన్న భయము వద్దు. సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున దాచితే నిమిషానికి 240 కిలోబైట్లు. రోజుకు ఐదు నిమిషాలు మాట్లాడినా ఏడాదికి 440 మెగాబైట్లు దాటదు.

ఇంటిలో ఎనభై ఏండ్ల అవ్వ ఉన్నదా? ఈ రాత్రి ఆమె ముందు ఫోను పెట్టి, "ఇవాళ ఏం చేశావే అవ్వా?" అని అడగండి. రేపు కూడా అడగండి. ఆమెకు ఓనమాలు రావు, దినచర్య మాత్రం ఉన్నది. మన వ్రాత పట్టుదలలో అది పోతున్నది.

కాదంటారా? వాదించండి, వింటాను.