రాతి గుంతలో అడవి



కిందటి సంవత్సరం సెప్టెంబరు నెలలో మా పెద్దబ్బాయి దగ్గరకు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరానికి వెళ్ళి వచ్చాము. ఆ నగరపు పడమటి శివారుల్లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒక శనివారం ఉదయం అబ్బాయి, "నాన్నగారూ, ఇవాళ మిమ్మల్ని ఒక పాత క్వారీకి తీసుకెళ్తాను" అన్నాడు. ఇంత దూరం వచ్చి చూడవలసింది క్వారీయా అనుకున్నాను. పైగా ఆ మాట వింటేనే మా ఊరివాళ్ళకు మనసు కలుక్కుమంటుంది.

ఆ చోటు పేరు న్యూపోర్ట్ లేక్స్. సుమారు 80 ఎకరాల పార్కు. పార్కు అంటే పూలకుండీలు, కత్తిరించిన పచ్చిక అనుకునేరు. కాదు, అది అచ్చం అడవి. లోపలికి అడుగు పెట్టగానే జామాయిల్ వాసన కొట్టింది. మన సరుగుడుకు దగ్గరి చుట్టాల వంటి చెట్లు, పసుపుపచ్చగా విరగబూసిన తుమ్మ జాతి చెట్లు కనిపించాయి. జామాయిల్ మన పొలాలకు వచ్చింది ఆ దేశం నుండే. మన దగ్గర అది పరాయి చెట్టు, అక్కడ సొంత చెట్టు.

కాలిబాట వెంట కిందికి దిగితే రెండు పక్కలా నల్లరాతి గోడలు, నడుమ చెరువు. నీళ్ళలో బాతులు, నీటికాకులు. ఆ గోడలు చూసిన తరువాత గాని అది క్వారీ అని నమ్మలేదు. దానిని అక్కడివారు బ్లూస్టోన్ అంటారు. పూర్వం అగ్నిపర్వతాల లావా చల్లారి ఏర్పడిన రాయి. మెల్‌బోర్న్‌లోని పాత కట్టడాలు, సందుల్లో పరిచిన రాళ్ళు చాలావరకు ఆ రకం రాయే. 1858లో మొదలుపెట్టి 1897లో ప్రతిష్ఠించిన సెయింట్ పాట్రిక్ కెథడ్రల్ కూడా బ్లూస్టోన్ కట్టడమే. న్యూపోర్ట్‌లో 1960ల దాకా రాయి తీశారు. తరువాత కొన్ని గుంతల్లో ఊరి చెత్త పోశారు. ఆ తరువాత స్థానిక ప్రభుత్వమూ, చుట్టుపక్కల జనమూ పూనుకొని ఆ ప్రాంతపు మొక్కలనే నాటి, కలుపు తీసి, ఏళ్ళ తరబడి సాకారు. 1990ల నాటికి అది పార్కుగా రూపు దిద్దుకున్నది. నేటికీ స్వచ్ఛందంగా వచ్చి మొక్కలు నాటేవారున్నారు.

చెరువుకు అడ్డంగా ఒక చోట పెద్ద రాళ్ళు వరుసగా పేర్చి ఉన్నాయి. వాటి మీద అడుగులు వేసుకుంటూ అవతలి గట్టుకు పోవచ్చు. మా మనుమడు గంతులు వేస్తూ ముందుకు పరుగెత్తాడు. నేను ఒక్క ఉదుటున వాడి చెయ్యి పట్టుకున్నాను. "తాతయ్యా, చెయ్యి నొప్పి!" అన్నాడు. అప్పటికి గాని ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకు తెలియలేదు.

మా ఊరి చివర కూడా ఒక కంకర క్వారీ గుంత ఉంది. రాయి అయిపోయాక తవ్వినవారు వెళ్ళిపోయారు. వానలకు నీళ్ళు నిండాయి. ఒక వేసవి సెలవుల్లో ఈతకు దిగిన పన్నెండేళ్ళ పిల్లవాడు అందులో మునిగి చనిపోయాడు. అందరం క్వారీవాళ్ళను తిట్టాము. కాని మా ఆరాధన మందిరం పునాది రాయి ఎక్కడిది? మా ఇంటి అరుగు రాయి ఎక్కడిది? ఆ గుంతలోదే. రాయి అందరమూ తెచ్చుకున్నాము, గుంత మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. న్యూపోర్ట్‌లో నేను చూసిన తేడా డబ్బు ఒక్కటే కాదు. ఆ గుంత మాది అని చెప్పుకొనే జనం అక్కడ ఉన్నారు.

తిరిగి వచ్చాక ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఈ సంగతి సంఘ పెద్దలతో చెప్పాను. పంచాయతీ అనుమతి తీసుకొని మొదట గుంత చుట్టూ ముళ్ళకంప గట్టిగా కట్టాము. దిగే దారి మూసివేశాము. తరువాత వేప, కానుగ, నేరేడు కలిపి నలభై మొక్కలు నాటాము. అన్నీ మన నేలకు అలవాటైనవే. పదకొండు ఎండిపోయాయి. రాతి నేల మరి! యౌవనస్థులు వంతులు వేసుకొని నీళ్ళు మోస్తున్నారు. ఆ పిల్లవాని తల్లి రోజూ సాయంత్రం రెండు బిందెలు తెచ్చి పోసి వెళ్తుంది. ఆమెకు వంతు ఎవరూ వేయలేదు.

అది అడవి కావడం నేను చూడలేకపోవచ్చు. మా మనుమడు చూస్తే చాలు.

మీ ఊళ్ళో కూడా అటువంటి గుంత ఉందా? మొక్కల మాట తరువాత. ముందు ఈ వారమే దాని చుట్టూ కంచె వేయండి. పిల్లలకు సెలవులు రాకముందే.