గోడకెక్కిన తోలుబొమ్మ

దక్షిణ థాయిలాండునందలి నఖోన్ సీ థమ్మరాట్, ఫత్తలుంగ్, సోంఖ్లా సీమలలో 'నంగ్ తలుంగ్' అను తోలుబొమ్మలాట కలదు. అచటి శిల్పులు పశుచర్మమును పలుచగా గీకి, ఎండబెట్టి, చిన్న కత్తులతోను, ఉలులతోను రంధ్రములు తొలిచి రంగులద్దుదురు. బొమ్మ దీపమునకును తెరకును నడుమ నిలిచినపుడు ఆ రంధ్రములే కన్నులై, ఆభరణములై వెలుగును.

నేడు ఆ బొమ్మలు తెరను విడిచి ఇండ్ల గోడలకెక్కినవి. చట్రములలోను, దీపపు తొడుగులపైనను అవి కనబడుచున్నవి. ఇది కళకు అపచారమని కొందరందురు. మేమట్లు తలంపము. సినిమా, టెలివిజన్లు ప్రేక్షకులను ఆకర్షించిన పిదప ఆటపై వచ్చు ఆదాయమొక్కటే శిల్పిని పోషింపజాలదు. చేతికి పని లేనిచో విద్య నిలువదు. అయినను మూడు విషయములు మరువరాదు.

మొదటిది వెలుగు. బొమ్మను గోడకు అంటించి బిగించినచో తొలిచిన పనియంతయు వృథా. వెనుక కొంత ఎడముంచి, వేడి తక్కువగల దీపమమర్చినపుడే దాని అందము తెలియును.

రెండవది గౌరవము. ఆటకు ముందు తెరపైకి వచ్చు ఋషి బొమ్మను, వృషభవాహనుడైన ఈశ్వరుని బొమ్మను అచటివారు పూజ్యములుగా భావింతురు. అట్టివానిని అలంకారమునకై ఎచ్చట పడిన అచ్చట వ్రేలాడదీయుట తగదు.

మూడవది, ముఖ్యమైనది, భాష. ఆ ఆటలో రాజులు మధ్య థాయి భాషలో పలుకగా, తేంగ్, నూ నుయ్ వంటి హాస్యపాత్రలు దక్షిణ సీమ పలుకుబడిలో మాటలాడి జనమును నవ్వింతురు. గోడమీది తేంగ్ చూపులకు అందగాడే కావచ్చును. కాని వాడు మూగవాడు. ఇంటి భాష ఒకటి, వీథి భాష వేరొకటిగా జీవించు మనకు ఈ లోపమెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆంధ్రదేశమునను ఇదే సమస్య కలదు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట శిల్పులు చర్మముతో దీపపు తొడుగులు చేసి జీవించుచున్నారు. ఆంధ్రదేశపు తోలుబొమ్మలాటవారిలో పలువురు ఇంట మరాఠీ మాండలికము మాటలాడి, తెరవెనుక తెలుగున రామాయణము నడిపినవారు. దీపపు తొడుగు వారి చేతిపనిని కాపాడును. వారి గొంతును కాపాడజాలదు.

ఉపాయము లేకపోలేదు. 2006లో థాయిలాండు జాతీయ కళాకారుడుగా గౌరవింపబడి, 2015లో మరణించిన సుచాత్ సప్సిన్, నఖోన్ సీ థమ్మరాట్‌లోని తన యింటినే ప్రదర్శనశాలగా మార్చెను. అచట బొమ్మ చెక్కుట, ఆడించుట, అమ్ముట ఒక్కచోటనే సాగినవి.

కావున బొమ్మను కొనువారికి మా మనవి ఒక్కటే: కొనుడు, కాని ముందు ఆట చూడుడు. అమ్మకపు సొమ్ములో కొంత ఆటకు చేరునట్లు అడుగుడు. తెర నిలిచినంతకాలమే గోడమీది బొమ్మకు అర్థము.