కంప్యూటర్‌కూ ఒక నీరుగంటి కావాలి



ఒకే యంత్రాన్ని పదిమంది వాడుకునే చోట హద్దు పెట్టడం పిసినారితనం కాదు, న్యాయం. మన లాబ్‌లలో ముందుగా నేర్పవలసింది ఈ మాటేనని నా అభిప్రాయం.

మాది బి.కొత్తకోట. వాన కోసం ఆకాశం వైపు చూసే సీమ. మా వైపు చెరువు కింది మళ్ళకు నీళ్ళు పంచే బాధ్యత నీరుగంటిది. చెరువు నిండిన ఏడు ఆయన్ను ఎవరూ తలుచుకునేవారు కాదు. సగం చెరువే ఉన్న ఏడు మాత్రం ఆయన మాటే శాసనం. ఎవరికెంత అన్నది మడిని బట్టే గాని, కాలవ గట్టున ఎందరు నిలబడి అరిచారన్నదాన్ని బట్టి కాదు.

లినక్స్‌లో ఈ నీరుగంటి పని చేసేది కెర్నెల్. నడుస్తున్న ప్రోగ్రామే ప్రాసెస్. దానికి సొంత మెమరీ ఉంటుంది. ఆ ఇంట్లోనే ఒకే మెమరీని పంచుకుంటూ పనిచేసే అన్నదమ్ములు థ్రెడ్లు. అయితే సీపీయూ సమయం పంచేటప్పుడు కెర్నెల్ ప్రతి థ్రెడ్‌నూ విడిగా ఒక పనిగానే లెక్కిస్తుంది. చిక్కంతా ఇక్కడే! ఒకే సీపీయూ మీద నేను ఒక పని, పక్కవాడు తొమ్మిది పనులు పెట్టామనుకోండి. అన్నిటికీ సమాన ప్రాధాన్యమైతే నాకు నూటికి 10, వాడికి 90. ఇదేం న్యాయం?

2006లో గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ మొదలుపెట్టిన పని, సీగ్రూప్ అన్న పేరుతో 2008 జనవరిలో లినక్స్ 2.6.24లో చేరింది. సీపీయూను గుంపుల వారీగా పంచే పద్ధతీ అందులోనే వచ్చింది. దానికి కృషి చేసిన ఐబిఎం ఇంజనీరు శ్రీవత్స వడ్డగిరి పేరు కెర్నెల్‌లోని 'ఫెయిర్' అనే ఫైలు తలభాగాన నేటికీ ఉంది. ఇందులో ముందు గుంపుకు వంతు, ఆ తర్వాతే గుంపులోని పనులకు. నాకు 50, వాడికి 50. ఆ యాభైని వాడు తొమ్మిది పాళ్ళు చేసుకుంటాడో, తొంభై పాళ్ళు చేసుకుంటాడో వాడిష్టం. నేను ఊరకుంటే నా వంతూ వాడికే పోతుంది, వృథా కాదు.

మెమరీ సంగతి ఇంకా కఠినం. సీపీయూ చాలకపోతే పని ఆలస్యమవుతుంది, అంతే. మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రాసెస్ చావాల్సిందే. కెర్నెల్ సాధారణంగా ఎక్కువ మెమరీ తింటున్నదాన్ని చంపుతుంది. అది తప్పు చేసినవాడిదే కావాలని లేదు. రాత్రంతా నడిచిన ఒక పరిశోధక విద్యార్థి లెక్క కావచ్చు. గుంపుకు మెమరీ హద్దు పెడితే ఆ నష్టం ఆ గుంపు దాటదు. ఇక తన్ను తానే పుట్టించుకుంటూ పోయే ప్రోగ్రాముకు యూలిమిట్ అడ్డుకట్ట. అది థ్రెడ్లనూ లెక్కలో కలుపుతుంది.

ఇన్ని సాధనాలుండీ చాలాచోట్ల జరిగేదేమిటి? యంత్రం బిగుసుకుపోతే స్విచ్చి ఆర్పేయడం, "ఎవడ్రా ఆ ప్రోగ్రాం పెట్టింది?" అని కేకలెయ్యడం! ఆ కొత్త పిల్లవాడు మళ్ళీ థ్రెడ్ల జోలికి పోడు. తప్పు చెయ్యకుండా ఎట్లా నేర్చుకుంటాడు? హద్దు ఉంటేనే కదా, పక్కవాడికి నష్టం లేకుండా ధైర్యంగా తప్పు చెయ్యగలిగేది!

అయితే ఒక్క మాట. పెట్టిన హద్దుల్ని లాబ్ గోడమీద రాసిపెట్టాలి. ఎవరికెంత మెమరీ, ఎన్ని ప్రాసెస్‌లు, ఎందుకు అన్నది అందరికీ తెలియాలి. ప్రాజెక్టు వాళ్ళకు పెంచాలంటే పదిమందికీ చెప్పి పెంచాలి. చాటుగా పంచిన నీళ్ళు, సరిగ్గా పంచినా అనుమానమే మిగులుస్తాయి. ఈ కోరికను విద్యార్థి సంఘం అధికారుల ముందు పెట్టాలని నా మనవి. సగం చెరువును పంచుకు తిన్న సీమ బిడ్డలం, ఒక యంత్రాన్ని పంచుకోలేమా?